వడ్లలో 17 శాతం తేమ: ఎండబెట్టే భారం ఎవరిది?

యాసంగి కోతలు మొదలైతే తెలంగాణ పల్లెల్లో తారురోడ్డు సగం కల్లమైపోతుంది. ఒక పక్క వాహనాలు పోతుంటాయి, ఇంకో పక్క వడ్లు పరిచి ఉంటాయి, అంచున వరసగా రాళ్లు పేర్చి ఉంటాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా కోతలప్పుడూ ఇదే దృశ్యం. పొద్దునే కుప్ప విప్పి నేర్పాలి. మధ్యలో రెండు మూడుసార్లు కాళ్లతో దున్నాలి. సాయంత్రానికి మళ్లీ కుప్ప చేసి పట్టా కప్పాలి. ఇలా నాలుగైదు రోజులు గడిచాక కొనుగోలు కేంద్రంలో ఒకరు గుప్పెడు వడ్లు తీసి చిన్న యంత్రంలో పోస్తారు. తెర మీద 17 కన్నా మించని అంకె కనిపిస్తే బస్తాలు కాంటా ఎక్కుతాయి. 19 అని వస్తే వడ్లు మళ్లీ ఎండకు వెళ్తాయి.

ఆ 17 కేంద్ర ప్రభుత్వం ప్రతి సీజన్‌కూ ప్రకటించే నాణ్యతా ప్రమాణాల్లోని అంకె. దేశమంతటికీ ఒకటే. పంజాబ్‌లో అక్టోబరు ఎండలో కోసిన ధాన్యానికీ, తంజావూరులో ఈశాన్య రుతుపవనాల మధ్య కోసిన ధాన్యానికీ, కరీంనగర్‌లో మే నెలలో కోసిన ధాన్యానికీ అదే గీత. 2025-26 ఖరీఫ్ మార్కెటింగ్ సీజన్‌కు క్వింటాలు సాధారణ రకం వడ్లకు 2,369 రూపాయలు, ఏ గ్రేడ్‌కు 2,389 రూపాయలు మద్దతు ధర ఉంది. ఆ ధర అందాలంటే ముందు ఈ గీత దాటాలి.

శాతం వెనుక బరువు

22 శాతం తేమ ఉన్న వడ్లను 17కు ఎండబెడితే తగ్గేది 5 శాతం బరువేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. తేమ శాతాన్ని మొత్తం బరువులో లెక్కిస్తారు. ఆ మొత్తంలో నీరు కూడా కలిసే ఉంటుంది. 100 కిలోల వడ్లలో 22 కిలోలు నీరైతే 78 కిలోలు పొడి పదార్థం. ఎంత ఎండినా ఈ 78 మారదు. తేమ 17 శాతానికి దిగాక ఆ 78 కిలోలే మొత్తంలో 83 శాతం అవుతాయి. అంటే మిగిలే బరువు 94 కిలోలు. ఆవిరైంది 6 కిలోలు.

ఉదాహరణకు ఎకరాకు 25 క్వింటాళ్లు వచ్చాయనుకుంటే, రైతు రోడ్డు మీద ఆవిరి చేయాల్సిన నీరు 150 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ములో ముప్పావు భాగం. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 24 లక్షల జౌళ్ల గుప్తోష్ణం కావాలి. ఆ లెక్కన ఎకరా వడ్లకు పట్టే వేడి కరెంటులో చెప్పాలంటే దాదాపు 100 యూనిట్లు. ఎండ ఈ వేడిని ఉచితంగానే ఇస్తుంది, కానీ స్థలం అడుగుతుంది. నాలుగు సెంటీమీటర్ల మందాన పరిస్తే 25 క్వింటాళ్లకు సుమారు 110 చదరపు మీటర్లు, అంటే 130 గజాల ఇంటి స్థలమంత చోటు కావాలి. నాలుగెకరాల రైతుకు 500 గజాలు దాటుతుంది. సిమెంటు కల్లం ఉన్నవారు కొద్దిమంది. సొంత జాగా లేని కౌలు రైతుకు రోడ్డే దిక్కు. పట్టాల అద్దె, కూలీ, రాత్రి కాపలా అన్నీ అదనం.

ఎక్కువ ఎండబెట్టినా రైతుకే నష్టం. 14 శాతానికి ఎండిన క్వింటాలు వడ్లలో 86 కిలోల పొడి పదార్థం ఉంటుంది. 17 శాతం దగ్గర అది 83 కిలోలే. ధర మాత్రం రెండింటికీ ఒకటే. బాగా ఎండబెట్టిన రైతు క్వింటాలుకు మూడున్నర కిలోల పైచిలుకు, అంటే 2025-26 మద్దతు ధరలో సుమారు 85 రూపాయల విలువైన వడ్లు ఊరికే ఇచ్చినట్టు. గీతకు అవతల శిక్ష ఉంది గానీ ఇవతల బహుమతి లేదు.

యంత్రం చూసేది నీటిని కాదు

కొనుగోలు కేంద్రంలోని తేమ యంత్రం నీటిని నేరుగా కొలవదు. దాని లోపల ఒక కెపాసిటర్ ఉంటుంది. రెండు లోహ పలకల మధ్య వడ్లు పోస్తే, అవి ఎంత విద్యుదావేశాన్ని పట్టి ఉంచగలవో చూస్తుంది. భౌతికశాస్త్రంలో రోధక స్థిరాంకం అనేది నీటికి సుమారు 80, ఎండిన పిండి పదార్థానికి రెండు నుంచి నాలుగు. తేడా ఇంత పెద్దది కాబట్టి గింజలో నీరు కొద్దిగా పెరిగినా కెపాసిటర్‌కు తెలిసిపోతుంది. ఆ మార్పును తేమ శాతంగా మార్చే పట్టికను యంత్రంలో ముందే నింపి ఉంచుతారు.

చిక్కంతా ఆ పట్టికలోనే ఉంది. కెపాసిటర్‌ను ప్రభావితం చేసేది నీరొక్కటే కాదు. గింజ వేడిగా ఉంటే రీడింగ్ పెరుగుతుంది. ఉష్ణోగ్రత సవరణ ఉన్న యంత్రాలు దీన్ని సరిచేస్తాయి, కానీ మండుటెండలో రోడ్డు మీంచి తీసిన గింజలు యంత్రంతో సమానంగా చల్లబడే వరకు ఆగాలి. గింజలు వదులుగా పడ్డాయా, దట్టంగా పడ్డాయా అన్నదీ లెక్కలోకి వస్తుంది. సన్న రకానికి, దొడ్డు రకానికి వేర్వేరు పట్టికలు కావాలి. తాలు, మట్టి కలిసినా అంకె మారుతుంది. పైపొర ఎండి లోపల తడి మిగిలిన గింజ సాయంత్రం ఒక అంకె చూపి, రాత్రంతా కుప్పలో ఉండి లోపలి తడి పైకి వచ్చాక పొద్దున మరో అంకె చూపవచ్చు. ఈ చిన్న యంత్రాలకు అర శాతం అటూ ఇటూ తేడా సాధారణమే.

నికరమైన కొలత వేరే ఉంది. గింజలను పొడి చేసి, తూచి, సుమారు 130 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచి, మళ్లీ తూస్తారు. తగ్గిన బరువే తేమ. లారీలు బారులు తీరిన చోట ఇది కుదిరే పని కాదు. అందుకే ఓవెన్‌తో పోల్చి యంత్రాలను ఎప్పటికప్పుడు సరిచూడడం ముఖ్యం. అంతర్జాతీయ చట్టబద్ధ తూనికల సంస్థ తన 59వ సిఫారసులో ధాన్యం తేమ యంత్రాలకు ప్రమాణాలు పెట్టింది కూడా. కేంద్రంలో 17 చూపిన లారీ మిల్లు దగ్గరికి వెళ్లాక 18 చూపడం, ఆ తేడా పేరుతో బస్తాకు ఇంత అని తరుగు తీయడం ఏటా వినిపించే ఫిర్యాదు. కాంటా మీద ముద్ర ఉందో లేదో రైతు చూస్తాడు. తేమ యంత్రాన్ని ఆఖరిసారి ఎప్పుడు సరిచూశారో అడిగేవారు అరుదు.

అర శాతం విలువెంతో చూద్దాం. 17.5 శాతం వడ్లలో 17 శాతం వడ్లకన్నా క్వింటాలుకు 0.6 కిలోల సరుకు తక్కువ. డబ్బులో 14 రూపాయలు. 19 శాతమైతే సుమారు 57 రూపాయలు. ఈ తేడాను బిల్లులో కోసేయవచ్చు. పత్తి విషయంలో అలాగే చేస్తున్నారు. భారత పత్తి సంస్థ 8 శాతం తేమ వరకు పూర్తి ధర ఇస్తుంది, 12 శాతం దాకా దామాషాగా తగ్గిస్తుంది, ఆపైన కొనదు. వడ్లకు మాత్రం అలాంటి మెట్లు లేవు. 14 రూపాయల తేడాకు మొత్తం రాశి ఇంకో రోజు రోడ్డు మీద ఉండాలి. ఆ రాత్రి వాన పడితే పోయేది 14 రూపాయలతో ఆగదు.

తడి గింజ ఆగదు

17 అనే గీతకు శాస్త్రీయమైన కారణం లేకపోలేదు. వడ్ల గింజ ప్రాణమున్న విత్తనం. తేమ ఎక్కువైతే దాని శ్వాసక్రియ పెరుగుతుంది. పిండి పదార్థం ఖర్చవుతుంది, వేడి పుడుతుంది, దానితోపాటు మరికొంత నీరూ పుడుతుంది. తడి కుప్పలో చెయ్యి పెడితే తగిలే వెచ్చదనం అదే. ఆ వేడి, తడి బూజుకు అనుకూలం. గింజ రంగు మారుతుంది. నిద్రావస్థ లేని రకాలైతే కుప్పలోనే మొలకెత్తుతాయి. నెలల తరబడి నిల్వ ఉంచాలంటే తేమ 14 శాతానికి దిగాలి. 17 దగ్గర కొన్ని వారాలు గడుస్తాయి, అంతే. మిల్లు ఆవరణలో నెలలకు సరిపడా ధాన్యం కొద్ది వారాల్లోనే వచ్చి పడుతుంది కాబట్టి మిల్లరు భయాన్ని కొట్టిపారేయలేం. పైగా క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యమో, 68 కిలోల ఉప్పుడు బియ్యమో ప్రభుత్వానికి తిరిగి అప్పగించాలి. వడ్లలో నీరు ఎక్కువైతే అంత బియ్యం రాదు.

ఎండకూ ఒక హద్దుంది. కాలిన తారు మీద గింజ పైపొర వేగంగా ఎండి కుంచించుకుపోతుంది, లోపలిది ఇంకా తడిగానే ఉంటుంది. ఈ లాగుడుకు గింజలో సన్నని పగుళ్లు పడతాయి. ఎండిన గింజ మీద రాత్రి మంచు పడితే పగుళ్లు ఇంకా పెరుగుతాయి. పొట్టు కింద ఉండే ఈ పగుళ్లు కంటికి కనిపించవు, మిల్లులో నూకగా బయటపడతాయి. తెలంగాణ యాసంగి వడ్లలో నూక ఎక్కువ రావడానికి వేసవి వేడి ఒక కారణం. ఉప్పుడు బియ్యం చేస్తే ఉడికిన పిండి పదార్థం ఆ పగుళ్లను పూడ్చేస్తుంది. ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం అన్నప్పుడు 2021-22లో రాష్ట్రానికీ కేంద్రానికీ మధ్య నడిచిన వివాదానికి మూలం ఈ కంటికి కనిపించని పగుళ్లే.

యంత్రం కోసింది, రైతు ఎండబెడుతున్నాడు

వడ్లు ఎండబెట్టడం ఇంత పెద్ద పని ఎప్పుడైంది? పూర్వం కోసిన పనలను మూడు నాలుగు రోజులు పొలంలోనే ఆరనిచ్చి, కుప్ప వేసి, తర్వాత నూర్చేవారు. గింజ గడ్డి మీదే ఎండేది. కల్లానికి వచ్చేసరికి తేమ సగం సమస్య తీరిపోయేది. కూలీల కొరతతో వరికోత యంత్రాలు వచ్చాయి. కోత, నూర్పిడి ఒకే గంటలో అయిపోతాయి. గింజ మాత్రం 20 నుంచి 24 శాతం తేమతో ట్రాక్టర్‌లో పడుతుంది. మొక్క మీదే 17 దాకా ఎండనిద్దామంటే గింజ రాలుతుంది, పగుళ్లు పడతాయి, వాన భయం ఉండనే ఉంటుంది. కోత పద్ధతి మారింది. కొనే పద్ధతి మాత్రం పనలు ఆరబెట్టిన రోజుల్లోనే ఆగిపోయింది.

అమెరికాలోనూ వరిని యంత్రాలతో తడిగానే కోస్తారు. అక్కడ ధాన్యం నేరుగా డ్రయ్యర్ల కేంద్రానికి వెళ్తుంది. నీటి బరువు, ఎండబెట్టే రుసుము తీసేసి రైతుకు లెక్క కడతారు. మన దగ్గర అంత ఇంధనం ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. జవాబు గింజ మీదే ఉంది. వడ్ల బరువులో సుమారు 20 శాతం ఊక. కిలో ఊకను మండిస్తే 130 లక్షల జౌళ్ల పైచిలుకు వేడి వస్తుంది. క్వింటాలు వడ్లను 22 నుంచి 17కు దించడానికి కావలసింది దాదాపు 145 లక్షల జౌళ్లు. సగం వేడి వృథా పోయే మామూలు డ్రయ్యర్‌లోనైనా రెండున్నర కిలోల లోపు ఊక చాలు. అదే క్వింటాలు నుంచి వచ్చే ఊక 20 కిలోలు.

ఊక ఉండేది మిల్లులో, పొలంలో కాదు. ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్, డ్రయ్యర్ ఎలాగూ ఉంటాయి. ఆ మిల్లు చేసే మొదటి పని వడ్లను తొట్టిలో నానబెట్టడం. గింజలో తేమ 30 శాతం దాకా ఎక్కుతుంది, ఆవిరి పట్టాక ఇంకా పెరుగుతుంది. తర్వాత ఊక మంటతో దాన్ని 14 శాతం దగ్గరికి ఎండబెడతారు. గేటు దగ్గర 18 శాతమని ఆగిపోయిన వడ్లనే లోపలికి వెళ్లాక 30 దాకా తడుపుతారన్నమాట. పచ్చి బియ్యం మిల్లుల్లో ఈ సౌకర్యం ఉండదు. అలాంటి చోట్ల కొనుగోలు కేంద్రం దగ్గరే ఊకతో నడిచే డ్రయ్యర్ పెట్టాలి. దాని పెట్టుబడి, నడిపే ఖర్చు ఎవరిదన్నది విధానం తేల్చాల్సిన విషయం. ఇప్పుడు తేల్చకపోవడం వల్ల ఆ ఖర్చు లేకుండా పోలేదు. రైతు కూలీ లెక్కలో, వాన నష్టంలో కలిసిపోయింది.

2023 ఏప్రిల్ చివరలో కురిసిన అకాల వర్షాలకు తెలంగాణ కొనుగోలు కేంద్రాల్లో కాంటా కోసం ఎదురుచూస్తున్న వడ్లు తడిసిపోయాయి. అదే ఏడాది డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కృష్ణా డెల్టాలో కోసిన పంట, కోయని పంట రెండూ నీటిలో మునిగాయి. ఇలాంటప్పుడు రాష్ట్రాలు తేమ పరిమితి సడలించమని కేంద్రాన్ని కోరతాయి. తమిళనాడు కావేరీ డెల్టాకు 2022 అక్టోబరులో 19 శాతానికి, 2023 ఫిబ్రవరిలో 20 శాతానికి సడలింపు వచ్చింది. రాష్ట్రం లేఖ రాయాలి, కేంద్ర బృందం వచ్చి నమూనాలు తీసుకోవాలి, పరీక్షల తర్వాత ఉత్తర్వు వెలువడాలి. తడిసిన కుప్పలో మొలక రావడానికి రెండు మూడు రోజులు చాలు.