మళ్లీ తాగొచ్చాడని విసుగొస్తోంది

ప్రశ్న: మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. తాగి లివర్ పాడైనవాళ్లు కోలుకుని వెళ్లి, నెల తిరక్కుండా మళ్లీ వస్తారు. బూతులు తిడతారు, సెలైన్ పీకేస్తారు. జాలి కలగట్లేదు. నాది తప్పా?
– ఒక సోదరి, కర్నూలు

జవాబు: నైట్ డ్యూటీలో వార్డంతా ఒక్కరే చూస్తుంటే విసుగు ఎవరికైనా వస్తుందమ్మా. అయితే ఆ తిట్లన్నీ పొగరు కావు. మందు ఆగిన 6 గంటల నుంచే చేతులు వణకొచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. ఇదే డెలీరియం ట్రెమెన్స్, ప్రాణం తీయగలదు. అందుకే చేరగానే ‘చివరిసారి ఎప్పుడు తాగావు?’ అని మామూలుగా అడగండి. కసిరితే అబద్ధం చెబుతాడు. గ్లూకోజ్ పెట్టేముందు థయామిన్ సంగతి డాక్టరుకు గుర్తుచేయండి. మళ్లీ తాగడం ఈ జబ్బులో మామూలే. షుగరున్నాయన స్వీటు తిని వస్తే మనం ఇంతలా చీదరించుకోం కదా! కొట్టబోతే మాత్రం ఓర్చుకోనక్కర్లేదు. డాక్టరునీ, సెక్యూరిటీనీ పిలవండి.