వేటకు కాదు, నడకకు పటం

ప్రశ్న: అమెరికాలో మా అన్నయ్య జింకల వేటకు ఫోన్‌లో కొండల మ్యాపు వాడతాడు. మన అడవులకు ఏది మేలు?
– ఓ పాఠకుడు, రాయదుర్గం

జవాబు: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇక్కడ జింకను వేటాడితే జైలే. ట్రెక్కింగుకైతే పటాలకు కొదవలేదు.

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతలు సాధారణంగా 20 మీటర్ల ఎత్తుకొకటి. అవి కిక్కిరిస్తే ఏటవాలు ఎక్కువని అర్థం. హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల్లాంటి చోట చిన్న బండలు ఆ గీతలకు చిక్కవు. అక్కడ ఉపగ్రహ చిత్రమే దిక్కు. అందుకు ఇస్రో వారి భువన్ వెబ్‌సైటు 2009 నుంచీ ఉంది. కానీ చెట్ల గుబురు కింది వాగు అందులో కనిపించదు! అందుకే ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో పటాన్నీ, ఉపగ్రహ చిత్రాన్నీ ఒకదానిపై ఒకటి పరచి చూడడం నయం.

నల్లమలలోని అమ్రాబాద్ అడవికి వెళ్లేవారు అటవీశాఖ అనుమతి తీసుకుని, పటాన్ని ముందే ఫోన్‌లోకి దింపుకోవాలి. అడవి లోపల సిగ్నల్‌ను నమ్ముకోలేం.