నాట్ల దినమున యజమాని చేనిలో నుండవలసిన వేళలు

వరినాట్ల దినమున యజమాని ఉదయము మొదలు సాయంకాలము వరకు గట్టుమీద నిలిచియుండవలయునా యని రైతులు అడుగుచుందురు. అట్టి యవసరము లేదు. కాని రెండు వేళల మాత్రము తప్పక యుండవలెను.

మొదటిది నాటు ప్రారంభించు వేళ. 2, 3 సెంటీమీటర్ల లోతునకు మించకుండ, కుదురునకు 2, 3 మొక్కల చొప్పున నాటవలెనని ముఠా పెద్దకు చూపవలెను. లోతుగా నాటిన పైరు ఆలస్యముగను, తక్కువగను పిలకలు వేయును. ఆ లోపమును పిదప సరిదిద్దుట సాధ్యము గాదు.

రెండవది మధ్యాహ్న భోజనానంతరము. అలసటచే కుదుళ్ల నడుమ ఎడము పెరుగుట కలదు. వరుసల నడుమ 20, కుదుళ్ల నడుమ 15 సెంటీమీటర్ల ఎడముతో నాటినచో చదరపు మీటరునకు సుమారు 33 కుదుళ్లుండవలెను. లెక్కించి, తగ్గినచో అప్పుడే ఖాళీలను పూరింపజేయవలెను.

మిగిలిన కాలమున పనిని ముఠా పెద్దకు విడిచి, నారుకట్టలు వేళకు అందునట్లును, మడిలో నీరు పలుచగా నిలుచునట్లును చూచుకొనుట యజమానికి మేలు. వెనుక నిలిచి తొందరపెట్టినచో చేతులు వేగిరపడును, నాటు చెడును.

పురుగుమందు కొట్టు దినమున మాత్రము యజమాని ఆద్యంతము దగ్గర నుండవలెను. అది కూలివారి ప్రాణములకు సంబంధించిన పని.