భోపాల్ వెళ్తున్న మనవరాలికి

రెజిమెంటల్ బజార్,
సికింద్రాబాద్.

బంగారు తల్లీ,

ఈ ఉత్తరం నీ చేతిసంచిలో సకినాల డబ్బా కింద పెడుతున్నా. రైలు బల్లార్షా దాటాక తీసి చదువుకో. ముందే చదివితే నువ్వు ఏడుస్తావు, నిన్ను చూసి మీ నాన్న కంగారుపడి స్టేషన్ స్టేషన్‌కీ దిగి నీకు టీలు మోసుకొస్తాడు, ఆయన సంగతి నీకు తెలిసిందే.

ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్‌గా కాగితం వచ్చినప్పటి నుంచి పగలంతా నవ్వుతూనే ఉన్నావు గానీ, రాత్రిళ్లు నిద్ర పట్టక పొర్లుతున్నావని నాకు తెలుసు, పక్క మంచం నాదే కదా. హిందీ నీకు కొత్త కాదు, చలికి స్వెటర్లున్నాయి, ఉండడానికి గది దొరికింది, కాబట్టి నీ దిగులు వాటికోసం కాదు. "నా చేతుల్లో ఎవరి ప్రాణమైనా పోతే ఎట్లా అమ్మమ్మా?" అని వాకిట్లో బియ్యం ఏరుతూ అడిగావు చూడు, అదీ నీ భయం. దేవుడున్నాడులే బిడ్డా అన్నా. ఆ ముక్క ఒక్కటే నీకు సరిపోలేదని నీ ముఖం చూస్తేనే అర్థమైంది, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

నువ్వు పోతున్నది ఉజ్జయిని దగ్గరికే. రైలెక్కితే మూడు నాలుగు గంటల దారి. ఆ పేరు వినగానే నా గుండె కుదుటపడింది, ఎందుకంటే మన మహంకాళమ్మ కథ మొదలైంది అక్కడే కదా. చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పించుకున్నావో! సురిటి అప్పయ్య ఇక్కడి పల్టన్‌లో డోలీలు మోసేవాడు, 1813లో పల్టన్‌తో పాటు ఉజ్జయినికి బదిలీ అయ్యాడు, అక్కడ కలరా వచ్చి జనం పిట్టల్లా రాలిపోతుంటే అమ్మవారికి దండం పెట్టి, జనం బతికి బయటపడితే మా ఊళ్లో నీకు గుడి నిలబెడతామని మొక్కుకున్నాడు, 1815లో తిరిగొచ్చి కట్టె విగ్రహం ప్రతిష్ఠించాడు. రాతి విగ్రహం వచ్చింది 1864లో. ఇదంతా నీకు కంఠతా వచ్చు. కానీ ఈ వయసులో, నిన్ను పంపిస్తూ ఆ కథ తలుచుకుంటుంటే మునుపు అంతగా పట్టించుకోని సంగతులు కనబడుతున్నాయి.

ఆయన పనే చూడు. పల్టన్‌లో డోలీ అంటే జబ్బుపడ్డవాళ్లనీ, గాయపడ్డవాళ్లనీ మోసేది. అప్పటికి కలరా మురికినీళ్లలోంచి వస్తుందని లోకంలో ఏ డాక్టరుకూ తెలియదు, సెలైన్ లేదు, నువ్వు నిద్రలో కూడా కలపగలిగే ఓఆర్ఎస్ లేదు. అలాంటి చోట, రోగుల్ని మోసే కులాసా లేని కొలువులో ఉన్న మనిషి మొక్కుకున్నాడు బిడ్డా. నన్ను కాపాడమని కాదు, జనాన్ని కాపాడమని. ఇంకొకటి కూడా ఉంది. భయంలో అందరం మొక్కుతాం. భయం తీరి, ఇల్లు చేరి, కడుపునిండా తిని పడుకున్నాక కూడా ఆ మాట గుర్తుంచుకుని గుడి నిలబెట్టడం చూడు, నాకు అప్పయ్య మీద అంత గౌరవం అందుకే. చదువు ఏమాత్రం ఉందో, జీతం ఎంతో ఎవరికీ తెలియదు గానీ, ఇన్నేళ్ల తరవాత కూడా ఆషాఢంలో ఆదివారం నాడు లక్షల మంది ఆయన మొక్కు తీరుస్తూ నడుస్తున్నారు.

తన కన్నా ముందు జనాన్ని తలుచుకునే ఆ గుణం నీలో లేదనుకుంటున్నావు. నేను చూశాను కదమ్మా. చిన్నప్పుడు బోనాల లైనులో మనం నిలబడితే, ముందున్న పెద్దామె తల మీది బోనం బరువుకి తూలుతుంటే, నువ్వు ఎవరూ చెప్పకుండానే ఆమె పక్కకు పోయి కొంగు పట్టుకుని గుడిదాకా నడిచావు, ఆమె ఎవరో కూడా మనకు తెలియదు. 2020లో కరోనాకి గుడిలోకి భక్తుల్ని రానివ్వలేదు, ఇంట్లోనే బోనం వండి వాకిట్లోంచే అమ్మకు చూపించుకున్నాం, ఆ ఏడు మన గల్లీలో పిల్లలు దూరదేశాల్లో ఉన్న ముసలాళ్లందరికీ మందుచీటీలు రాసుకుని తిరిగింది నువ్వే. మీ తాత ఆఖరి రోజుల్లో ఆయనకు గోళ్లు తీస్తూ, నొప్పి తెలియకుండా ఆయన రైల్వే కొలువు ముచ్చట్లు అడుగుతుండేదానివి. నర్సింగు చదువు నీకు పనితనం నేర్పింది గానీ, ఆ మనసు అంతకుముందే ఉంది.

దేవుడున్నాడులే అన్నా కదా, ఆ సంగతీ చెప్తా. మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఎండలో, ఉక్కపోతలో, దోమ తరవాత దోమని కోసి చూసి చూసి కళ్లు మంట పుట్టాక దొరికింది ఆయనకి. దొరికాక ఆయన చేసిన పనుల్లో ఒకటేమిటో తెలుసా, దేవుణ్ణి తలుచుకుంటూ కవిత రాసుకోవడం. మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాడికీ, డోలీ మోసినవాడికీ ఆ దేవుడు పని తప్పించలేదు. పని చేస్తుంటే పక్కన ఉన్నాడు, అంతే. నేను నమ్మేది అంత మాత్రమే, నాకు అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు కూడా.

అయినా ఒకరోజు నువ్వు భయపడ్డదే జరుగుతుంది. నువ్వు చెయ్యాల్సిందంతా చేసినా ఒక మనిషి పోతాడు. ఆ రోజు అమ్మవారితో కొట్లాడాలనిపిస్తే కొట్లాడు. రంగం నాడు అమ్మవారు పూని పచ్చికుండ మీద నిలబడిన ఆమెను వానలెందుకు ఆలస్యమయ్యాయని జనం అడగడం లేదా, పూజలు సరిగ్గా చెయ్యలేదని ఆమె మనమీద కోపగించడం లేదా, మన దగ్గర తల్లీబిడ్డల పంచాయితీ ఎప్పుడూ ఉన్నదే. ఏడ్చి, ముఖం కడుక్కుని, పక్క మంచం దగ్గరికి పో. అక్కడ ఇంకొకరు నీళ్లడుగుతుంటారు.

రోగిని మంచం నంబరుతో పిలవకు, పేరుతో పిలువు. వరండాలో పేపరు పరుచుకుని పడుకునే రోగుల బంధువుల్ని తిన్నారా అని అడుగు. ఆయమ్మలతో చిన్నబుచ్చేలా మాట్లాడకు, నీ కన్నా ఎక్కువ చావుల్ని చూసినవాళ్లు వాళ్లు. నైటు డ్యూటీ నుంచి వచ్చాక ఖాళీ కడుపుతో పడుకోవద్దు, పెరుగన్నమైనా తిను. మొదటి జీతం ఇంటికి పంపకు, ముందు మంచి బూట్లు కొనుక్కో, రోజంతా నిలబడే కాళ్లు అవి.

కుదిరినప్పుడు ఉజ్జయిని పో. క్షిప్ర ఒడ్డున కాసేపు కూర్చో, మహాకాలేశ్వరుణ్ణి చూసుకుని, అమ్మవారి దగ్గర ఒక కొబ్బరికాయ కొట్టు. వచ్చే ఆషాఢానికి లీవు దొరికితే రా, లేకపోతే వార్డు వదిలేసి రావాలని పోట్లాడకు. నీ పేరున బోనం మీ అమ్మ ఎత్తుతుంది, నేను వెంట వేపమండలు పట్టుకుని నడుస్తా, మోకాళ్లు ఎంత సతాయించినా సరే. ఫోటోలు నీ తమ్ముడు పంపిస్తాడు.

సకినాలు పక్క బెర్తు వాళ్లకి కూడా పెట్టు.

నీ అమ్మమ్మ