చెరువు తప్ప చూడని పిల్లాడికి ఓడ కొలువా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. నేవీలో చేరతానంటున్నాడు. ఈత రాదు. శిక్షణ తట్టుకోగలడా?
– ఒక తల్లి, లాల్‌దర్వాజ, హైదరాబాద్

జవాబు: ఈత అక్కడే నేర్పిస్తారు. కాకపోతే ఇప్పుడే మొదలుపెడితే కుర్రాడికే సుఖం.

నావికుల కొలువుకు అగ్నివీర్‌గా ఎంపికైనవారి తొలి మజిలీ ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డునున్న శిక్షణ కేంద్రం ఐఎన్‌ఎస్ చిలికా. పాతబస్తీ ప్యాలెస్ పేరు పెట్టుకున్న ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఆ సరస్సు పక్క నుంచే పోతుంది! ఆ కేంద్రంలో పరేడ్, పరుగు, ఈత, ఆయుధాలు. 2023 మార్చిలో బయటికొచ్చిన మొదటి అగ్నివీర్ బ్యాచ్‌లో అమ్మాయిలూ ఉన్నారు. తర్వాత శాఖను బట్టి ప్రత్యేక శిక్షణ: ఫిరంగులకు కొచ్చిలోని ద్రోణాచార్య, విద్యుత్తుకు జామ్‌నగర్‌లోని వల్సూరా, ఇంజిన్లకు లోనావాలాలోని శివాజీ.

శిక్షణలో అసలు పరీక్ష డ్యామేజ్ కంట్రోల్, అంటే దెబ్బతిన్న ఓడను కాపాడుకోవడం. ఊగే ఇనుపగదిలోకి చిల్లుల గుండా నీళ్లు దూకుతుంటాయి. నడుములోతు నీళ్లలో నిలబడి చెక్కమేకులు దిగ్గొట్టి, దుంగలు ఆనించి ఆ చిల్లులు మూయాలి. ఓడలో మంటైనా, నీరైనా ఫైరింజన్ రాదు కదా, ఉన్నవాళ్లే అదుపు చేయాలి.

ఆఫీసర్ల దారి వేరు. జేఈఈ మెయిన్ ర్యాంకు, ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ దాటితే కేరళలోని ఎళిమల అకాడమీలో నాలుగేళ్ల బీటెక్. ఆపైన కొచ్చి శిక్షణ దళంలో దాదాపు ఆరు నెలలు తీర్, శార్దూల్ వంటి ఓడలమీదే కాపురం. తెరచాపల ఓడ తరంగిణి కూడా ఆ దళానిదే. మొదట్లో వాంతులు చాలామందికి మామూలే.

అగ్నివీర్ కొలువు నాలుగేళ్లే. ఆ తర్వాత కొనసాగించేది 25 శాతం వరకే. ఎంపీసీ మార్కులు బాగుంటే ముందు ఆఫీసర్ దారి ప్రయత్నించడం మేలు.