ఏడు వేలా, వెయ్యి రియాళ్లా?
(యువ కార్మికుల జీతాలు, జీవన వ్యయం – ఒక పోలిక)



2025 దసరా వెళ్లిన తర్వాత మా చిన్నాన్న కొడుకు జగిత్యాల నుండి సికింద్రాబాద్‌లోని నా గదికి వచ్చాడు. వయసు 20. ఐ.టి.ఐ.లో ఫిట్టర్ ట్రేడు పూర్తిచేశాడు. వాడి సంచిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఇక్కడి ఒక వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరమన్నది. రెండవది ఖతార్ పంపిస్తానన్న ఏజెంటు ఇచ్చినది.

"అన్నా, ఈడ నెలకు ఏడు వేలంట. ఆడ వెయ్యి రియాళ్లు, రూము, తిండి కంపెనీదే. మన పైసలల్ల ఇరవై నాలుగు వేలు. ఇంక ఆలోచించేదేమున్నది?" అన్నాడు.

అర్థశాస్త్రం చదువుతున్నవాణ్ణి గనుక చటుక్కున జవాబు చెప్పగలననుకున్నాను, చెప్పలేకపోయాను. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని కాగితం మీద వేసిన లెక్కలే ఈ వ్యాసానికి ఆధారం. మనలో చాలామందికి తమ్ముళ్లో, బావమరుదులో ఇదే ప్రశ్న వేస్తూ వుంటారు గనుక ఇది అందరికీ పనికొస్తుందని నా ఆశ.

1. జీతమంటే ఏమిటి?

చేతికి వచ్చే డబ్బును ద్రవ్య వేతనమంటారు. ఆ డబ్బుతో కొనగలిగే తిండి, బట్ట, నీడ మొదలైనవి నిజ వేతనం. కార్మికుడు బతికేది రెండవదానితోనే. అందుకే 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనాన్ని ఒక అంకెగా చెప్పలేదు, ఒక గంపగా చెప్పింది. కార్మికుని కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా తీసుకుని, ఒక్కొక్క యూనిట్‌కు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం వగైరాలకు మొత్తంలో 20 శాతం అని లెక్కకట్టింది. పిల్లల చదువు, వైద్యం వంటి అవసరాలకు మరో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. దేశాల మధ్య జీతాలను పోల్చేటప్పుడు కూడా ఈ గంపను పక్కన పెట్టుకోవాలి.

2. మారకపు రేటు చెప్పని సంగతి

బ్రిటన్‌లో 2025 ఏప్రిల్‌లో అప్రెంటిస్‌కు చట్టం ప్రకారం కనీస వేతనాన్ని గంటకు 7.55 పౌండ్లు చేశారు. పౌండు 118 రూపాయల చొప్పున అది సుమారు 890 రూపాయలు. మా వాడికి నెలకు 7,000 అంటే, 26 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన, గంటకు 34 రూపాయలు కూడా రాదు. అంటే అక్కడి కుర్రవాడు మా వాడికంటే 26 రెట్లు సుఖంగా బతుకుతున్నాడా?

డబ్బు వదిలి, పనిగంటలతో కొలిచి చూద్దాం. కిలో బియ్యం ఇక్కడ 50 రూపాయలు, అక్కడ 2 పౌండ్లు అనుకుందాం. మా వాడు గంటన్నర పనిచేయాలి, అక్కడివాడు 16 నిమిషాలు చేస్తే చాలు. ఇక క్షవరం. చిలకలగూడలో 100 రూపాయలు, అక్కడ 15 పౌండ్లు అనుకుంటే, మా వాడికి మూడు గంటల పని, అక్కడివాడికి రెండు గంటలు. బియ్యంలో ఐదు రెట్లకు పైగా వున్న తేడా క్షవరంలో ఒకటిన్నర రెట్లకు దిగిపోయింది!

కారణం తేలికే. బియ్యం ఓడెక్కి ప్రపంచమంతా తిరుగుతుంది గనుక దాని ధర దేశదేశాల్లో మరీ దూరంగా వుండదు. క్షవరం ఓడెక్కదు. మంగలి జీతం ఎక్కడ తక్కువో అక్కడ క్షవరమూ చవక. ఇంటి అద్దె, మెస్సు వంట, ఆటో ప్రయాణం కూడా ఈ జాతివే. మారకపు రేటు వీటిని చూడదు.

ఈ లోపాన్ని సరిదిద్దటానికే 1968లో అంతర్జాతీయ ధరల పోలిక కార్యక్రమం మొదలైంది. తొలి విడత పోలికలో మన దేశం కూడా వుంది. 2017 సంవత్సరానికి వేసిన లెక్క ప్రకారం మారకపు రేటులో డాలరు 65.12 రూపాయలు. కాని అమెరికాలో ఒక డాలరుకు వచ్చే సరుకులు, సేవలు ఇక్కడ 20.65 రూపాయలకే వచ్చాయి. దీనినే కొనుగోలు శక్తి సమానత అంటారు. కాబట్టి 26 రెట్ల తేడాలో చాలా భాగం కంటికి కనిపించే తేడాయే. అలాగని తేడా లేదనుకుంటే పొరపాటు. బియ్యం లెక్క దాన్ని మరువనివ్వదు.

3. వయసు చిన్నది, జీతమూ చిన్నదే

చిన్నవాళ్లకు తక్కువ ఇవ్వటం చాలాచోట్ల వున్నదే. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవారికి గంటకు 12.21 పౌండ్లు, 18 నుండి 20 ఏళ్లవారికి 10 పౌండ్లు చేశారు. అమెరికాలో సమాఖ్య కనీస వేతనం 2009 నుండి 7.25 డాలర్లు. 20 ఏళ్లలోపు వారికి మొదటి 90 రోజులు 4.25 డాలర్లు ఇస్తే చట్టానికి సరిపోతుంది. ఆస్ట్రేలియాలో సాధారణంగా 18 ఏళ్లవాడికి పెద్దల జీతంలో 68.3 శాతం.

దీనికి చెప్పే కారణం ఒకటే: వాళ్లింకా నేర్చుకుంటున్నారు, తల్లిదండ్రుల ఇంట్లో వుంటారు అని. మన వారసిగూడ గదుల్లో వుంటున్నవాళ్లలో ఎందరు తల్లిదండ్రుల ఇంట్లో వున్నారు? 20 ఏళ్లవాడని కిరాణా కొట్లో ఎవరైనా బియ్యం తగ్గించి ఇస్తారా?

జర్మనీ పద్ధతి కాస్త వేరు. అక్కడ అప్రెంటిస్ కనీస భత్యాన్ని 2020 నుండి నెలకు 515 యూరోలుగా చట్టం చేశారు. 2025లో చేరినవారికి అది 682 యూరోలు. రెండవ ఏడు దానిపై 18 శాతం, మూడవ ఏడు 35 శాతం ఎక్కువ. మొదటి ఏడు ఇచ్చేది అక్కడ కూడా పెద్ద మొత్తమేమీ కాదు. కాని అది అప్రెంటిస్ భత్యాల సగటు పెరుగుదలతోపాటు కదులుతుంది.

4. మన అప్రెంటిస్

మన దగ్గర 1961 నాటి అప్రెంటిస్ చట్టం వుంది. దాని 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థియే గాని కార్మికుడు కాడు. భద్రత, గాయానికి పరిహారం వంటివి తప్పిస్తే కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. 2019కి ముందు స్టైపెండు కనీస వేతనంలో 70, 80, 90 శాతంగా ముడిపడి వుండేది. 2019లో ఆ ముడి విప్పి, చదువును బట్టి 5,000 నుండి 9,000 రూపాయల వరకు కనీస అంకెలు పెట్టారు. ఐ.టి.ఐ. వారికి 7,000. దీన్ని 36 శాతం పెంచాలని 2025 మే నెలలో కేంద్ర అప్రెంటిస్ మండలి సిఫారసు చేసింది. అదే షెడ్డులో పక్కన నిలబడ్డ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదికి రెండుసార్లు కరువు భత్యం సవరిస్తారు. కరువు ఇద్దరికీ ఒకటే కదా!

మా వాడి నెల ఖర్చు చూడండి. గది అద్దెలో వాటా 2,200, మెస్సు 3,600, బస్సు, ఫోను, సబ్బులు వగైరా 1,100. మొత్తం 6,900. మిగిలేది వంద రూపాయలు, అదీ జ్వరం రాకపోతే. ఖర్చులో తిండి వాటా 52 శాతం. పారిశ్రామిక కార్మికుల ధరల సూచీలో తిండికిచ్చిన వాటా 2001లో 46 శాతం, 2016 నాటి కొత్త లెక్కలో 39 శాతం. ఆదాయం తగ్గేకొద్దీ ఖర్చులో తిండి వాటా పెరుగుతుందని 1857లోనే ఎంగెల్ చెప్పాడు. కనుక పప్పు, కూరగాయల ధరలు పెరిగితే మా వాడికి తగిలే దెబ్బ సూచీ చూపినదానికంటే పెద్దది.

5. ఖతార్ లెక్క

ఖతార్‌లో 2021 మార్చి 20 నుండి కనీస వేతనం 1,000 రియాళ్లు. యజమాని వసతి ఇవ్వకపోతే మరో 500, తిండి పెట్టకపోతే మరో 300 ఇవ్వాలి. ఏజెంటు చెప్పిన మాట చట్టానికి సరిపోయిందన్నమాట, దానికి మించి ఒక్క రియాలు లేదు.

ఇక్కడొక ముఖ్య విషయం గమనించాలి. వలస కార్మికుడి జీతం రెండు ముక్కలు. అక్కడ ఖర్చయ్యేది అక్కడి ధరలతో కొలవాలి. ఇంటికి పంపేది మాత్రమే మారకపు రేటుతో కొలవాలి. ఇరవై నాలుగు వేలనటంలో మా వాడు చేసిన పొరపాటు ఇదే. అక్కడ 300 రియాళ్లు ఖర్చయితే మిగిలేది 700, రియాలు 24 రూపాయల చొప్పున 16,800.

మరి వెళ్లటానికి? ఏజెంటు అడిగింది లక్షా ఇరవై వేలు. చట్టం ప్రకారం అతను తీసుకోదగినది 30,000, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. ఆ డబ్బు వూళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే 2,400. పంపినదంతా అప్పుకే కట్టినా తీరటానికి సుమారు ఎనిమిది నెలలు. రెండేళ్ల ఒప్పందంలో నికరంగా మిగిలేది 16 నెలల డబ్బు, అంటే 2,68,800. దాన్ని 24 నెలలకు పంచితే నెలకు 11,200. ఇరవై నాలుగు వేలు సగానికన్నా తక్కువకు దిగింది!

ఈ లెక్కను పైనుండి కూడా మార్చగలరు. గల్ఫ్ దేశాలకు వెళ్లే మనవారికి ఇవ్వవలసిన కనీస జీతాలను కేంద్రం 2020లో 30 నుండి 50 శాతం దాకా తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడ్డాక, 2021లో ఆ వుత్తర్వులను వెనక్కి తీసుకుంది. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని బతుకును లెక్కపెట్టుకున్న మన జిల్లాల వారికి ఇది చిన్న సంగతి కాదు.

6. ముగింపు

ఎవరైనా మిమ్మల్ని ఇలాంటి సలహా అడిగితే నాలుగు ప్రశ్నలు వేయండి:

1. గది, తిండి ఎవరిది? కాగితం మీద రాసి వుందా?
2. గంట పనికి ఎంత? ఆ గంటకు అక్కడ ఏమేమి వస్తాయి?
3. ఖర్చుపోను ఇంటికి చేరేదెంత? అందులో అప్పుకెంత?
4. రెండేళ్ల తర్వాత చేతిలో ఏముంటుంది – డబ్బా, పనితనమా, సర్టిఫికెట్టా?

నాలుగో ప్రశ్న దగ్గర మా వాడు ఆగాడు. రైల్వే సంస్థల్లో అప్రెంటిస్ పూర్తిచేసినవారికి రైల్వే లెవెల్-1 నియామకాల్లో 20 శాతం కేటాయింపు వుంది. వాడిది రైల్వే వర్క్‌షాపు కాదు, ఆ దారి వాడికి లేదు. అయినా చేతిలో జాతీయ అప్రెంటిస్ సర్టిఫికెట్టు వుంటుంది, నెత్తిన అప్పు వుండదు. ఆలోచించి ఇక్కడే చేరాడు.

అయితే ఒక మాట దాచకూడదు. దీపావళికి వూరెళ్లి వచ్చేటప్పుడు బస్తా బియ్యం మోసుకొచ్చాడు. ఆ బియ్యం మా చిన్నమ్మ పంపినవి. మెస్సు మానేసి గదిలోనే వండుకుంటున్నాడు. అవి కలిస్తేనే ఆ ఏడు వేలు బతికేందుకు సరిపోతున్నాయి. పనివాణ్ణి తయారుచేసే ఖర్చులో పరిశ్రమ వాటా ఎంతో, చిన్నమ్మ వాటా ఎంతో ఏ దేశపు పట్టికలోనూ కనిపించదు. అర్థశాస్త్రం చదివే మనం ముందుగా వేయవలసిన లెక్క అదేనని నా మనవి.