ఫోటో వెనక పేర్లు రాయి

బంగారూ,

మొన్న ఆదివారం ఫోన్‌లో మాటల మధ్య ఒక మాటన్నావు. ఫేర్‌వెల్ అయిపోయింది కదా, క్లాసు గ్రూపులోంచి బయటికొచ్చేశానని. రోజూ వంద మెసేజ్‌లు, పుట్టినరోజు కేకులు, కావలసిన నలుగురితో ఎలాగూ మాట్లాడుతూనే ఉన్నానుగా అన్నావు. నేనప్పుడేమీ అనలేదు. పుణె ప్రయాణానికి పెట్టె సర్దుకుంటున్న పిల్లకి హడావుడిగా చెప్పే సంగతి కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా బీఎస్సీ గ్రూప్ ఫోటో నువ్వు చూశావు. 1971లో కోఠి ఉమెన్స్ కాలేజీ మెట్ల మీద తీసింది. వెనక పెద్ద పెద్ద స్తంభాలు, పక్కన రాతి సింహం, మధ్యలో మేం 32 మంది ఆడపిల్లలం. కింద అందరి పేర్లూ అచ్చులో ఉన్నాయి. అవన్నీ పుట్టింటి పేర్లు. ఆ తర్వాత రెండు మూడేళ్లలో దాదాపు అందరికీ పెళ్లిళ్లయ్యాయి, ఇంటిపేర్లు మారాయి. ఇద్దరికైతే అత్తగారింట్లో అసలు పేరే మార్చేశారు. మీ తాతయ్య స్నేహితులు ఎక్కడున్నా ఆయనకు దొరికేవారు. చదువుకున్నప్పటి పేరే ఉద్యోగంలో, పెన్షన్ కాగితంలో, ఇంటి గేటు మీద. మాకు ఆ వీలు లేకపోయింది. ఆటోగ్రాఫ్ పుస్తకంలో అందరం చిరునామాలు రాసుకున్నాం, అవీ కేరాఫ్ నాన్నగారే. నల్లకుంట, మలక్‌పేట, హిమాయత్‌నగర్. నాన్నలు పోయారు, ఆ ఇళ్లున్న చోట అపార్ట్‌మెంట్లు లేచాయి.

నీకు ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెబుతాను. ల్యాబ్‌లో నా పక్కన కూర్చునే అమ్మాయి ఉండేది. 1969లో తెలంగాణ ఉద్యమం జోరుగా సాగి కాలేజీలు నెలల తరబడి మూతపడితే, ఇద్దరం వాళ్లింటి మేడ మీద కూర్చుని బోటనీ రికార్డు బొమ్మలు వేసుకున్నాం. పెళ్లయి భిలాయ్ వెళ్లిపోయింది. 1983లో ఎవరినో అడిగి నా అడ్రసు తెలుసుకుని ఇన్‌లాండ్ లెటర్ రాసింది. అప్పుడు మీ అమ్మకి టైఫాయిడ్. జవాబు రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే ఇల్లు మారాం, ఆ ఉత్తరం ఎక్కడో పోయింది. 2009లో, నేను రిటైరైన ఏడాదే, పొద్దున పేపర్లో దశదిన కర్మ ప్రకటన ఒకటి కనబడింది. పేరు నాకు తెలియని పేరు. ఫోటోలో ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ. ఆ మచ్చ కనబడకపోతే పేజీ తిప్పేసేదాన్ని. బంగారూ, నా స్నేహితురాలు పోయిందని నాకు వేరే పేరుతో తెలిసింది. 26 ఏళ్లు ఆ ఉత్తరానికి నేను బాకీ.

ఆ రోజు నుంచే వెతకడం మొదలుపెట్టాను. ఎక్కడ దొరికారో తెలుసా? శుభలేఖల్లో. మా అమ్మ ట్రంకు పెట్టెలో పాత శుభలేఖలు కట్ట కట్టి ఉన్నాయి. ఆడపిల్ల పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు, పెళ్లికొడుకు తండ్రి పేరు, ఊరు, ఇవన్నీ ఒకే కాగితం మీద ఉండేది అక్కడొక్కచోటే. వాటిని పట్టుకుని ఒక్కొక్క ఊరికీ ఫోన్లు చేశాను. ఒకరు దొరికితే వాళ్లు ఇంకొకరిని చూపించేవారు. ఇప్పటికి నాతో కలిపి 21 మందిమి లెక్కకొచ్చాం. ఆరుగురు అప్పటికే లేరని తెలిసింది. ఐదుగురి జాడ ఇవాళ్టికీ లేదు.

2024లో కాలేజీకి వందేళ్లు నిండాయి కదా, అందరం అక్కడే కలుద్దామనుకున్నాం. అప్పటికి కొందరు కూతుళ్ల దగ్గర అమెరికాలో ఉన్నారు, కొందరిని ఇంట్లోవాళ్లు ఒంటరిగా పంపలేదు. 11 మందిమి ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్ దగ్గర కలుసుకుని వెళ్లాం. రెండు వందల ఏళ్ల కిందట బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన భవనం అది, కాలేజీ అందులోకి వచ్చింది 1949లో. మా తర్వాత చాలాకాలం పాడుబడి ఉంటే బాగుచేసి 2023లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. దర్బార్ హాలు చూడాలని అందరికీ ఉంది. కానీ నలుగురికి మోకాళ్లు సహకరించలేదు. వాళ్లను కింద వదిలి పైకెళ్లడానికి ఎవరికీ కాళ్లు కదల్లేదు. అందరం సింహం పక్కనే కూర్చున్నాం.

మధ్యాహ్నం భోజనం బర్కత్‌పురాలో ఒకరింట్లో, గ్రౌండ్ ఫ్లోర్‌లో. అక్కడికి ఒకావిడను వాళ్లబ్బాయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. మతిమరుపు బాగా ముదిరింది, మాలో ఒక్కరినీ గుర్తుపట్టలేదు. వస్తూనే గోడ వైపు తిరిగి కూర్చుంది. కూరలు తరుగుతున్నవాళ్ల దగ్గర నుంచి ఉన్నట్టుండి ఒక క్యారెట్ అందుకుంది, చిన్న కత్తి అడిగింది. వాళ్లబ్బాయి కంగారుపడ్డాడు. ఆవిడ మాత్రం క్యారెట్‌ని నిలువుగా చీల్చి, మధ్యలో ఒక కరివేపాకు రెబ్బ పెట్టి, బొటనవేలికి చూపుడువేలికి మధ్య బిగించి, అడ్డంగా కోయడం మొదలుపెట్టింది. ల్యాబ్‌లో బ్లేడుతో సెక్షన్లు కోసినట్టే. ఒక్కో ముక్కా గాజు పొరలా జారి నీళ్ల గిన్నెలో పడుతోంది. నా వైపు తిరిగి, "పల్చగా రావాలే, మేడమ్ చూస్తారు" అంది. వాళ్లబ్బాయి ఆ మాట విని బయటికెళ్లి వరండాలో నిలబడ్డాడు. అమ్మ బోటనీ చదివిందని తనకు తెలియదట. 50 ఏళ్ల వయసున్నవాడు.

అందుకే అడుగుతున్నాను, గ్రూపులోకి తిరిగి వెళ్లు. మెసేజ్‌లన్నీ చదవనక్కర్లేదు, మోగకుండా పెట్టుకో. ఒక నోట్‌బుక్కు మాత్రం పెట్టు. అందులో పేరు, ఫోను నంబరుతో పాటు, ఆ మనిషి ఫోన్ ఎత్తకపోతే ఎవరికి చేయాలో ఆ రెండో నంబరు కూడా రాసుకో. మాలో ఎందరో ఆ రెండో నంబరు లేకనే తెగిపోయారు. పెళ్లి శుభలేఖ ఎవరిది వచ్చినా పారేయకు.

కలిసినప్పుడు పిల్లల గొప్పలు, ఫ్లాట్ల ధరలు ముందు ఎత్తనివ్వకు. కాలేజీ వందేళ్లకు ముందు జరిగిన మా మొదటి కలయికలో ఆ మాటలతోనే గంట గడిచింది. పెళ్లి చేసుకోకుండా తమ్ముళ్లను చదివించినావిడ మధ్యలోనే లేచి వెళ్లిపోయి, రెండేళ్లు మా వైపు రాలేదు. తప్పు మాదే. నేను, ఇంకొకరు వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాక మళ్లీ వచ్చింది.

ఇక చెడు వార్త. నీ వయసులో అది దూరం, కానీ పద్ధతి ఇప్పటినుంచే తెలియాలి. ఎవరికైనా కష్టం వస్తే గ్రూపులో అందరూ ఓం శాంతి అని పెట్టి ఊరుకుంటారు. నువ్వు ఆ ఇంటికి వెళ్లు. వెళ్లలేకపోతే పన్నెండో రోజు దాటాక ఫోన్ చెయ్యి. అప్పటిదాకా ఇల్లు నిండా జనం ఉంటారు. బంధువులు బస్సెక్కాకే మనిషికి మాట కావాలి. మీ తాతయ్య పోయినప్పుడు పదిహేనో రోజున ఒకావిడ వరంగల్ నుంచి వచ్చి, నాతో పాటు బ్యాంకుకి, ట్రెజరీకి తిరిగింది. ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో నా పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది. అఫిడవిట్ రాయించింది ఆవిడే. కాలేజీలో ఆవిడతో నేను గట్టిగా పది మాటలు మాట్లాడి ఉండను. కావలసిన నలుగురు అన్నావు చూడు, ఆ నలుగురిలో ఆవిడ లేదు.

ఫేర్‌వెల్ రోజు మీరంతా చీరల్లో దిగిన ఫోటో ఫోన్‌లోనే ఉంచకు. ప్రింటు తీయించి, వెనక పెన్సిల్‌తో వరుసగా పేర్లు, ఊళ్లు రాసి నాకొక కాపీ పంపు. పుణె వెళ్లాక రాస్తాననకు, ఈ వారమే రాయి.

రేపు పొద్దున ఆ క్యారెట్ ఆవిడ దగ్గరికి వెళ్తున్నాను. నెలకోసారి వెళ్తున్నాను ఇప్పుడు. నాలుగు లేత క్యారెట్లు, ఒక చిన్న కత్తి, ల్యాబ్‌లో సెక్షన్లు వేసుకునే వాచ్‌గ్లాస్ బదులు గాజు గిన్నె సంచిలో పెట్టుకున్నాను.

మీ అమ్మమ్మ